పాత అకార్డ్‌కి కొత్త స్క్రీన్, ఏసీకి కొత్త చోటు

మా ఇంట్లో రెండో కారు 2006 హోండా అకార్డ్, వీ6. టెక్సాస్‌లో పదిహేనేళ్లు నిండి డ్రైవింగ్ క్లాసులో చేరితే పిల్లలకి లెర్నర్ లైసెన్స్ ఇచ్చేస్తారు. మావాడికి ఆ వయసు దగ్గరపడేసరికి, నేర్చుకోవడానికి ఈ పాత కారే అని ఇంట్లో తీర్మానం అయిపోయింది. ఇంజన్ బంగారం. వచ్చిన చిక్కల్లా లోపలే. రేడియో డిస్‌ప్లే వెనక లైటు పోయింది. ఆ మోడల్ అకార్డ్ ఉన్న చాలామందికి ఇది తెలిసిన జబ్బే. రేడియో కనిపించకపోతే పోనీలే అనుకోవచ్చు, కానీ ఏసీ ఎంత డిగ్రీల మీద ఉందో చూపించేది కూడా ఆ డిస్‌ప్లేనే. రాత్రయితే ఏసీని అంచనా మీద తిప్పుకోవాల్సిందే. బ్లూటూత్ లేదు, వెనక కెమెరా లేదు. అమెరికాలో 2018 మే 1 నుంచి తయారయ్యే కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి చేశారు గనక, మా పెద్ద కారులో కెమెరా చూసి అలవాటుపడ్డ మా ఆవిడకి ఈ కారు రివర్స్ తియ్యాలంటే టెన్షన్.

మామూలు కార్లలో రేడియో మార్చడం పెద్ద పనేం కాదు. కారు రేడియోలకి జర్మనీ నుంచి వచ్చిన డిన్ అనే కొలత ఒకటి ఉంది. సింగిల్ డిన్ అంటే 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు. డబుల్ డిన్‌కి అదే వెడల్పు, ఎత్తు మాత్రం 100. పాతది లాగి కొత్తది తోసి చుట్టూ ఒక ఫ్రేమ్ బిగిస్తే పని అయిపోతుంది. 2003 నుంచి 2007 దాకా వచ్చిన అకార్డ్‌లో హోండావాళ్లు ఆ దారి మూసేశారు. రేడియో, ఏసీ కంట్రోళ్లు రెండూ కలిపి ఒకే పలకగా చేశారు. నడుమ వాల్యూమ్ నాబ్, దానికి ఎడమవైపు డ్రైవరు టెంపరేచర్ నాబ్, కుడివైపు పక్క సీటువాళ్ల నాబ్. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ రేడియో పీకితే ఏసీ మెదడు కూడా దాంతోపాటే ఊడి చేతికొస్తుంది.

దీనికి మార్కెట్లో రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, పాత పలకని ఏసీ కోసం అలాగే ఉంచేసి, దాని కింద గేరు రాడ్‌కి ఎగువన ఉన్న అర తీసేసి, ఆ ఖాళీలో కొత్త రేడియో పెట్టుకోవడం. ఖర్చు తక్కువ, పని తక్కువ. కానీ గేరు పార్క్‌లో ఉంటే రాడ్ అడ్డం వస్తుంది, స్క్రీన్ మోకాళ్ల దగ్గర ఉంటుంది. కెమెరా బొమ్మ చూడాలంటే తల దించాలి. రివర్స్ తీస్తున్నవాడు తల దించి ఒళ్లోకి చూడ్డం నాకు నచ్చలేదు. రెండోది, పలక మొత్తం మార్చెయ్యడం. పైన డబుల్ డిన్ స్క్రీన్‌కి చోటు, ఏసీ కంట్రోళ్లు ఆ కింద ఒక పట్టీలోకి. ఆ పట్టీలో ఏసీకి సొంత సర్క్యూట్ బోర్డు ఉంటుంది. కారులోంచి వచ్చే ఏసీ ప్లగ్గు దానికి తగిలిస్తే, పాత యూనిట్ చేసిన పనంతా ఇది చెయ్యాలి. నేను ఇదే ఎంచుకున్నాను.

ఇక్కడి షాపుల్లో అడిగితే ఒకాయన ఆ ఏడాది అకార్డ్ అనగానే మేం ముట్టుకోం అనేశాడు. ఇంకొకాయన ఒప్పుకున్నాడు గానీ, చెప్పిన కూలి వింటే మా కారు అమ్మితే వచ్చే డబ్బులో గణనీయమైన భాగం అది. సరిగ్గా అప్పుడే మా మామయ్య గారు, అత్తయ్య గారు తెనాలి నుంచి వచ్చి మా ఇంట్లో ఉన్నారు. మామయ్య గారు ఆర్టీసీలో ఆటో ఎలక్ట్రీషియన్. విజయవాడ విద్యాధరపురం వర్క్‌షాపులో చేసి రిటైరయ్యారు. అమెరికా వచ్చిన మొదటి వారం సంబరం, తర్వాత నుంచీ పేపరు లేదు, బజారు లేదు, పలకరించే మనిషి లేడు అని బాధ. షాపుల సంగతి విని, "అల్లుడు గారూ, వాడు చేసేదీ చేతుల్తోనే కదండీ. మనకీ ఉన్నాయిగా రెండేసి" అన్నారు.

ఆన్‌లైన్‌లో అమ్మినవాడు మొదట మాన్యువల్ ఏసీ కార్ల కిట్, అంటే ఆ పలకా పట్టీ కలిపిన సెట్టు, పంపాడు. నేను ఆర్డరు పెట్టింది ఆటోమేటిక్ ఏసీకి. బయటి డబ్బా మీద నంబరు సరిగ్గానే ఉంది, లోపల సరుకు వేరు. తెరవగానే మామయ్య గారే పట్టుకున్నారు: "ఇందులో ఒక్కళ్లకే చలి వేస్తుంది. మీ కారులో ఇద్దరికి వేరువేరుగా ఉంది కదా." టెంపరేచర్ బటన్లు ఒకే జత ఉన్నాయి మరి. తిప్పి పంపి, మళ్లీ తెప్పించుకునేసరికి మా ఊళ్లో ఎండలు ముదిరాయి. ఒక రకంగా అదీ మంచిదే అయింది. చలికాలంలో పాత ప్లాస్టిక్ క్లిప్పులు పెళుసుగా ఉండి ఫట్‌మని విరుగుతాయి. ఎండలో కాస్త మెత్తబడి మాట వింటాయి.

కిట్ వచ్చాక మామయ్య గారు దాన్ని బల్ల మీద పెట్టి చాలాసేపు బటన్లు నొక్కుతూ కూచున్నారు. నేను వైర్ల గురించి ఆలోచిస్తుంటే ఆయన బటన్ల గురించి ఆలోచిస్తున్నారు. పాత పలకలో ఫ్యాన్, టెంపరేచర్ అన్నీ చేతికి తెలిసేవి. కొత్త పట్టీలో నాబ్‌లు లేవు, అన్నీ ఒకే సైజు నొక్కుడు బటన్లు, వరసగా, నున్నగా. "మా డిపోలో ఒకసారి కొన్ని బస్సులకి వైపర్ స్విచ్చి, హెడ్‌లైట్ స్విచ్చి చోట్లు మార్చార్లెండి. వానాకాలం మొదలవగానే డ్రైవర్ల కంప్లయింట్లు. స్విచ్చి బానే పనిచేస్తోంది, చెయ్యే దారి తప్పుతోంది. రాత్రి పూట రోడ్డు చూసేవాడు స్విచ్చి ఎందుకు చూస్తాడండీ?" అన్నారు.

ఆ మాట తర్వాత నేను స్క్రీన్ ఎంపిక మార్చుకున్నాను. అంతవరకూ నా మనసంతా తొమ్మిదంగుళాల ఆండ్రాయిడ్ స్క్రీన్ మీద ఉంది, బటన్ అన్నది ఒక్కటీ లేకుండా అద్దంలా ఉంటుంది. దాన్ని వదిలేసి, ఏడంగుళాలదే అయినా పక్కన నిజమైన వాల్యూమ్ నాబ్ ఉన్నది తీసుకున్నాను. ఇప్పుడొచ్చే కార్లలో ఏసీ కూడా స్క్రీన్‌లోకే తోసేస్తున్నారు. తయారుచేసేవాడికి అది చవక, నడిపేవాడికి యాతన. ఇది నా అభిప్రాయం, కాదనేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు, మావాడు.

ఇక పని. ముందుగా హ్యాండ్‌బ్రేకు వేసి, గేరు రాడ్‌ని కిందికి దించుకుని, తర్వాత తాళం ఆపాలి. రాడ్ పైన ఉంటే పలక బయటికి రాదు. పది నంబరు స్పానరుతో బ్యాటరీ నెగెటివ్ విప్పేసి, కనీసం మూడు నిమిషాలు ఏదీ ముట్టుకోకుండా ఆగాలి. ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో నిలవున్న కరెంటు దిగిపోవడానికి ఆ వ్యవధి. పసుపురంగు తొడుగు, పసుపు ప్లగ్గు కనిపిస్తే అది ఎయిర్‌బ్యాగ్‌ది, దాని జోలికి పోకూడదు. మామయ్య గారికి ఇది కొత్త. "మా బస్సులో ఇలాంటి గోల ఏదీ లేదు. పైగా మాది 24 వోల్టులు, ఇది పన్నెండే" అని కొంచెం చులకనగానే మాట్లాడారు గానీ, మూడు నిమిషాలూ వాచీ చూస్తూ నిలబడ్డది ఆయనే.

గేరు చుట్టూ ఉన్న ప్యానెల్ ప్లాస్టిక్ పుల్లతో లేపితే వచ్చేసింది. ఆ పైన అర, దాని వెనక స్క్రూలు. ఏ స్క్రూ ఎక్కడిదో మావాడు ఫోన్‌లో ఫొటోలు తీశాడు, మామయ్య గారు మాత్రం అత్తయ్య గారి దగ్గర ఇడ్లీ ప్లేటు ఒకటి అడిగి తెచ్చుకుని, ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు వేశారు. పలకని రెండువైపులా పట్టుకుని సమంగా లాగాలి. ఒకవైపే లాగితే రెండోవైపు క్లిప్పు విరుగుతుంది. టప్, టప్ అని ఒక్కో క్లిప్పూ వదులుతుంటే నా గుండె కూడా దాంతోపాటే కొట్టుకుంది. పలక ముందుకొచ్చాక వెనక ప్లగ్గులు ఒక్కొక్కటే విప్పి, ఏది దేనిదో కాయితం చీటీ అంటించాం.

వైరింగ్ అంటే జనం భయపడతారు గానీ, దీనికి దొరికే అడాప్టరు వైరింగ్ కొనుక్కుంటే కారు వైరు ఒక్కటి కూడా కొయ్యక్కర్లేదు. ఒక కొస కారు ప్లగ్గుకి సరిపోతుంది, రెండో కొస విడివిడి వైర్లు. ఈ విడి వైర్ల రంగులు దాదాపు అన్ని కంపెనీల రేడియోలకీ ఒకటే. పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. నారింజ, హెడ్‌లైట్ వేస్తే స్క్రీన్ వెలుగు తగ్గించడానికి. స్పీకర్లకి తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. ఒక్కోదానికీ నల్లగీత ఉన్న జోడు నెగెటివ్. నేను ఇవన్నీ కాయితం మీద రాసి గరాజ్ గోడకి అంటించాను. రంగుకి రంగు కలపడమే.

ఎలా కలపాలన్న దగ్గర మాత్రం మామయ్య గారు పట్టుబట్టారు. నేను మెలితిప్పి టేపు చుడదామన్నాను. ఆయన ఒప్పుకుంటేనా! మూసేసిన కారులో వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుందట, కుదుపులకి మెలిక వదులవుతుందట. కనుక ప్రతి అతుకూ సోల్డరింగ్ చేసి, ముందే తొడిగి ఉంచిన కుంచించుకునే గొట్టాన్ని పైకి జరిపి హీట్ గన్‌తో వేడిచెయ్యాలి. సోల్డర్ చేసేటప్పుడు సీసం తీగని సోల్డరింగ్ ఐరన్‌కి తాకించనివ్వలేదు. ఐరన్‌తో వైరుని కిందనుంచి కాల్చి, పైనుంచి సీసం తాకిస్తే, పోగుల మధ్యకి అదే పీల్చుకుంటుంది. చల్లారాక పోగుల ఆకారం పైకి కనపడుతూ, మెరుస్తూ ఉండాలి. ముద్దగా, మసకగా ఉంటే అది అతుకు కాదు, అతుకులా కనిపించేది. మావాడి చేత నాలుగు ముక్కలు అతికించి, రెండు లాగి చూసి, "పర్లేదు, డిపోలో పెట్టుకోవచ్చు" అని సర్టిఫికెట్ ఇచ్చారు.

స్టీరింగ్ మీది వాల్యూమ్ బటన్ల కోసం ఒక చిన్న ఇంటర్‌ఫేస్ పెట్టె కొనాల్సి వచ్చింది. హోండాలో ఆ బటన్లన్నీ ఒకే వైరు మీద పనిచేస్తాయి, ఒక్కో బటన్‌కి ఒక్కో రెసిస్టెన్స్. కొత్త రేడియోకి ఆ భాష తెలియదు. పెట్టె మధ్యలో కూచుని చెప్తుంది. అది సాఫీగా అయిపోయింది.

కెమెరా వైరు లాగడం ఓపిక పని, తెలివి పని కాదు. నంబరు ప్లేటు పైన కెమెరా, డిక్కీ మూత మలుపులో ఉన్న రబ్బరు గొట్టంలోంచి వైరు, అక్కణ్ణుంచి వెనక సీటు పక్కగా, తలుపుల కింది పట్టీల లోపలనుంచి డాష్‌బోర్డుకి. కెమెరాకి కరెంటు రివర్స్ లైటు వైరు నుంచే తీసుకోవాలి, అప్పుడే రివర్స్ వేసినప్పుడు మాత్రమే వెలుగుతుంది. ఆ వైరు ఏదో వెతకడానికి మామయ్య గారు ఇక్కడి దుకాణంలో పన్నెండు వోల్టుల టెస్ట్ ల్యాంపు కొనిపించారు. అప్పటికి బ్యాటరీ మళ్లీ కలిపాం. నేను ముందు బ్రేకు తొక్కి రివర్స్ వేస్తే, ఆయన డిక్కీలో తల దూర్చి ఒక్కో వైరూ తాకించి చూసి, దీపం వెలగ్గానే "ఆ, ఇదే, ఇదే!" అని అరిచారు. పక్కింటాయన బయటికొచ్చి చూసి, చెయ్యూపి లోపలికి వెళ్లిపోయాడు.

అన్నీ తగిలించి, పలక బిగించకుండా ఒళ్లో పెట్టుకునే పరీక్ష చేశాం. ఇది ఎవరికైనా గట్టిగా చెప్తాను: క్లిప్పులు నొక్కేముందు ఏసీ అంతా తిప్పి చూడండి. ఫ్యాన్ తక్కువ, ఎక్కువ. గాలి మొహానికి, కాళ్లకి, అద్దానికి. బయటి గాలి, లోపలి గాలి. వెనక అద్దం వేడిచేసే బటన్. ఎడమ చల్లన, కుడి వెచ్చన. మావాడు అటొక గ్రిల్ దగ్గర, ఇటొక గ్రిల్ దగ్గర చెయ్యి పెట్టి చెప్తూ పోయాడు. పాటలు పాడతాయా లేదా అన్నది ఆఖర్న చూశాం. ఎండాకాలం టెక్సాస్‌లో పాట లేకపోతే బతకొచ్చు, ఏసీ లేకపోతే కష్టం.

అన్నీ పనిచేశాయి, ఒక్కటి తప్ప. చీకటిపడ్డాక హెడ్‌లైట్లు వేస్తే ఏసీ పట్టీ బటన్లు జాతరలో సీరియల్ బల్బుల్లా వెలిగిపోతున్నాయి. మీటర్ల వెలుగు తగ్గించే నాబ్ తిప్పితే మీటర్లు తగ్గుతాయి, ఈ బటన్లు తగ్గవు. కిట్‌తో వచ్చిన కాయితంలో దీని గురించి ఏమీ లేదు. మామయ్య గారు టెస్ట్ ల్యాంపు పట్టుకుని చాలాసేపు కూచుని కారణం పట్టేశారు. ఈ కారులో లైటు వెలుగు తగ్గించేది ప్లస్ వైపు కాదు, ఎర్త్ వైపు. ప్లస్ ఎప్పుడూ నిండుగానే వస్తుంది, తిరిగి వెళ్లే దారిలో నాబ్ అడ్డుకుంటుంది. కిట్ తయారుచేసినవాడు బటన్ లైట్ల ఎర్త్‌ని నేరుగా బాడీకి ఇచ్చేశాడు, అంటే నాబ్‌ని దాటేసి పోతోంది. ఆ ఒక్క వైరునీ బాడీ నుంచి విప్పి, పాత యూనిట్‌కి వచ్చిన డిమ్మర్ వైరుకి కలిపితే, నాబ్ తిప్పగానే బటన్లు మీటర్లతో కలిసి తగ్గాయి. షాపులో చేయించి ఉంటే ఈ లోపం ఇలాగే ఉండిపోయేదని నా నమ్మకం.

పలక బిగించాక ఆయన డ్రైవరు సీట్లో కూచుని కళ్లు మూసుకున్నారు. చెయ్యి చాపి, ఫ్యాన్ పెంచే బటన్ వెతికారు. ఒకసారి అద్దం మీదికి గాలి తిప్పే బటన్ దొరికింది, ఒకసారి ఏదీ దొరకలేదు. "నేను చెప్పలేదూ?" అన్నారు కళ్లు తెరవకుండానే. లోపలికెళ్లి అత్తయ్య గారి బొట్టు బిళ్లల అట్ట తెచ్చారు. రాయి పొదిగినవి కాదు, గుడ్డలా మెత్తగా ఉండే నల్ల బిళ్లలు. ఫ్యాన్ పెంచే బటన్ మీద ఒకటి, అద్దం మీది మంచు పోగొట్టే బటన్ మీద రెండు. నలుపు మీద నలుపు, చూస్తే తెలియదు, వేలికి తెలుస్తుంది. మా ఆవిడ నవ్వింది గానీ, మర్నాడు కారు తీసుకెళ్లొచ్చి ఏమీ అనలేదు. అత్తయ్య గారు మాత్రం, కారుకి బొట్టు పెట్టారు బానే ఉంది, నా అట్టలో మూడు తగ్గాయి అన్నారు. ఎండకి ఆ జిగురు ఎన్నాళ్లుంటుందో అనుకున్నాం, ఒకటి ఊడింది కూడా. దాని చోట ఇప్పుడు ఇక్కడి ఫర్నిచర్ కాళ్లకి అంటించే ఫెల్టు ముక్క చిన్నది కత్తిరించి పెట్టాను.

బ్యాటరీ విప్పాక ఈ కార్లలో డ్రైవరు కిటికీ అద్దం ఒక్క నొక్కుతో పూర్తిగా పైకెళ్లడం మానేస్తుంది. పాడైందని కంగారుపడక్కర్లేదు, దాన్ని మళ్లీ నేర్పించే పద్ధతి కారు మాన్యువల్‌లో ఉంటుంది. ఐడిల్, అంటే కారు నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం, కూడా కాసేపు ఎగుడుదిగుడుగా ఉండి, తర్వాత సర్దుకుంది. పాత డిస్‌ప్లేతోపాటు గడియారం పోయింది. ఇప్పుడు స్క్రీన్ ఆపేస్తే టైము చూపించేది కారులో ఏదీ లేదు.

ఖర్చు సంగతి: ఏసీ పట్టీతో ఉన్న పలకే అన్నిటికన్నా ఖరీదైన ప్లాస్టిక్ ముక్క, దాదాపు స్క్రీన్ ధరలో సగం. స్క్రీన్, కెమెరా, ఇంటర్‌ఫేస్ పెట్టె, అడాప్టరు అన్నీ కలిపినా షాపువాడు చెప్పిన మొత్తంలో సగం దాటలేదు. మామయ్య గారి కూలి నేను లెక్కెయ్యలేదు. ఆయన లెక్కేశారు, తెనాలి వెళ్లేటప్పుడు ఆ టెస్ట్ ల్యాంపు, ప్లాస్టిక్ పుల్లల సెట్టు పెట్టెలో పెట్టుకుని వెళ్లారు.

పాత యూనిట్‌ని పారెయ్యలేదు. హోండా రేడియోలకి కరెంటు పోతే మళ్లీ అయిదంకెల కోడ్ కొట్టాలి. ఆ కోడ్ ఉన్న కార్డు గ్లవ్ బాక్సులో దొరికింది, దాన్ని యూనిట్‌కే టేపుతో అంటించి గరాజ్ అటక మీద పెట్టాను. ఇలాంటి అకార్డ్ ఉండి ఈ పని చేద్దామనుకునేవాళ్లు, కిట్ ఆర్డరు పెట్టేముందు మీ కారు ఏసీలో టెంపరేచర్ నాబ్‌లు ఒకటా, రెండా చూసుకోండి. డబ్బా వచ్చాక కూడా, పాతది విప్పకముందే, లోపలి ముక్కని కారు పక్కన పెట్టి మళ్లీ చూసుకోండి.